సర్కారు కొలువుల లెక్కను ఎలా చదవాలి?

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల సంఖ్య ఆర్థిక వ్యవస్థ గురించి ఏం చెబుతుందన్న విషయం మీద ఈ నెల పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే తరహా ప్రశ్నలను కలిపి, కొన్నిటికి వివరంగా, కొన్నిటికి క్లుప్తంగా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగుల సంఖ్య పెరిగితే ఆర్థిక వ్యవస్థ ఎదుగుతున్నట్టేనని, తగ్గితే ఖజానా కటకటలో ఉన్నట్టని మా కళాశాలలో ఒక సహోద్యోగి వాదించారు. ఈ రెండు మాటల్లో నిజమెంత?
— అర్థశాస్త్ర అధ్యాపకుడు, నరసరావుపేట

జవాబు: రెండో మాటలో కొంత నిజం ఉంది. మొదటి మాట మాత్రం మన దేశపు అనుభవానికి నిలవదు. ఉపాధి కల్పన కార్యాలయాలకు సంస్థలు పంపే రిటర్నుల ఆధారంగా కేంద్ర ఆర్థిక సర్వేలో అచ్చయిన పట్టికను చూడండి. 1991లో రాష్ట్ర ప్రభుత్వాలన్నిటిలో కలిపి 71.12 లక్షల మంది పనిచేసేవారు. 2012 నాటికి ఆ సంఖ్య 71.84 లక్షలు. మధ్యలో, 2001లో, 74 లక్షలు దాటి మళ్లీ కిందికి దిగింది. ఈ ఇరవై ఒక్క సంవత్సరాలలో దేశ ఆర్థిక వ్యవస్థ పరిమాణం, ధరల పెరుగుదలను మినహాయించి చూసినా, మూడు రెట్లకు పైగా పెరిగింది. 1991లో 84.6 కోట్లున్న జనాభా 2011 నాటికి 121 కోట్లయింది. స్వతంత్ర భారతం చూసిన అతి వేగవంతమైన వృద్ధి కాలాల్లో ఒకటైన ఆ రెండు దశాబ్దాల గురించి రాష్ట్ర ఉద్యోగుల సంఖ్య మనకు చెప్పింది దాదాపు శూన్యం.

ఎందుకిలా జరిగిందంటే, ఆ సంఖ్యను నిర్ణయించేది మార్కెట్టు కాదు, ఆర్థిక శాఖ అనుమతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దినసరి వేతన నియామకాలను నిషేధిస్తూ, మంజూరైన పోస్టు లేకుండా ఎవరినీ తీసుకోకూడదంటూ 1994లో చట్టం తెచ్చారు. ఉద్యోగ సంఘాల వాళ్లు ఈనాటికీ దాన్ని ‘యాక్ట్ 2 ఆఫ్ 94’ అనే పిలుస్తారు. ఆ తరువాత 1998లో ప్రపంచ బ్యాంకు రుణంతో మొదలైన ఆర్థిక పునర్వ్యవస్థీకరణ కాలంలో జీతాల ఖర్చును అదుపులో పెట్టడం ఒక విధానమయింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పరిశ్రమ వేళ్లూనుకున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే. అంటే ఆర్థిక వ్యవస్థ ఒక దారిన, ప్రభుత్వ నియామకాలు మరొక దారిన నడిచాయి.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ 2019-20లో ఆంధ్రప్రదేశ్‌లో కనిపిస్తుంది. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థ మొదలైంది. దానికోసం సుమారు 1.26 లక్షల శాశ్వత పోస్టులకు ఒకే విడతలో నోటిఫికేషన్ ఇచ్చారు. ఏ గ్రామ సచివాలయం గోడ మీద చూసినా పంచాయతీ కార్యదర్శి, డిజిటల్ అసిస్టెంట్, సర్వేయర్, ఏఎన్ఎం, ఇంజినీరింగ్ అసిస్టెంట్, సంక్షేమ విద్యా సహాయకుడు, మహిళా పోలీసు, పశుసంవర్ధక సహాయకుడు అంటూ పది పదకొండు హోదాల పట్టిక కనిపించేది. ఇవి నిజంగా కొత్త ఉద్యోగాలు. ఆ వెంటనే, 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీలో పనిచేస్తున్న సుమారు 52 వేల మందిని ప్రజా రవాణా శాఖ ఉద్యోగులుగా ప్రభుత్వంలో విలీనం చేశారు. నిన్న బస్సు నడిపిన డ్రైవరే ఇవాళా అదే బస్సు నడిపారు. ఒక్క కొత్త కొలువూ పుట్టలేదు, అయినా ప్రభుత్వ ఉద్యోగుల జాబితా రాత్రికి రాత్రి 52 వేలు పెరిగింది. ఈ రెండు పెరుగుదలల మధ్య తేడా తెలియని వ్యక్తి చేతికి మొత్తం సంఖ్య ఒక్కటే ఇస్తే, రాష్ట్రంలో ఏదో మహోన్నత వృద్ధి జరిగిందనుకుంటారు. కొద్ది నెలలకే కోవిడ్ వచ్చిందన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మీ సహోద్యోగి రెండో మాట విషయానికి వస్తే, ఖజానా ఇబ్బందిలో పడినప్పుడు మన రాష్ట్రాలు ఉద్యోగులను తీసేయవు. చేతనైనది నియామకాలను ఆపడం, చేయవలసిన చెల్లింపులను వాయిదా వేయడం. 2020 మార్చి నెలాఖరున తెలంగాణ ప్రభుత్వం ఉద్యోగుల జీతంలో సగం నిలిపివేసింది. ఆంధ్రప్రదేశ్ కూడా మరునాడే సగం జీతాన్ని వాయిదా వేసింది. కేంద్రం మూడు విడతల కరవు భత్యాన్ని 2021 జూన్ దాకా స్తంభింపజేసింది. అప్పుడు ఉద్యోగుల సంఖ్యలో ఒక్క అంకె కదలలేదు. అందువల్ల మన దగ్గర ఖజానా కష్టాన్ని తలల లెక్కలో వెతకడం దండగ. పెండింగులో ఉన్న కరవు భత్యాలు (డీఏలు) ఎన్ని, వాడుకోని సెలవులకు బదులు డబ్బిచ్చే సరెండరు లీవు బిల్లులు ట్రెజరీలో ఎన్నాళ్లుగా ఉన్నాయి, పదవీ విరమణ చేసినవారికి గ్రాట్యుటీ ఎన్ని నెలలకు చేతికందుతోంది అన్నవి అంతకన్నా నికరమైన ఆనవాళ్లు.

ప్రశ్న: తెలంగాణలో 1.91 లక్షల ఖాళీలున్నాయని పీఆర్సీ (వేతన సవరణ సంఘం) నివేదికలో వచ్చింది, ప్రభుత్వం మాత్రం 80 వేలే భర్తీ చేస్తామంది. మిగిలిన లక్షా పదకొండు వేలు ఎటు పోయాయి? ఇన్ని ఖాళీలు ఉండటం ఆర్థిక మాంద్యానికి గుర్తు కాదా?
— గ్రూప్స్ అభ్యర్థి, కరీంనగర్

జవాబు: మీరు చెప్పిన సంఖ్య బిస్వాల్ కమిషన్, అంటే తెలంగాణ పీఆర్సీ, నివేదికలోనిది. అది 2021 జనవరిలో బయటకు వచ్చింది. మంజూరైన పోస్టులు 4,91,304, పనిచేస్తున్నవారు 3,00,178, ఖాళీలు 1,91,126. అంటే ప్రతి వంద పోస్టులలో సుమారు 39 ఖాళీ. 2022 మార్చి 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శాసనసభలో 80,039 పోస్టులను నేరుగా భర్తీ చేస్తామని, మరో 11,103 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరిస్తామని ప్రకటించారు. ఇక్కడ గుర్తుంచుకోవలసినది ఏమిటంటే, ‘మంజూరైన పోస్టు’ అన్నది దశాబ్దాలుగా జీవోల మీద జీవోలు పేరుకుని వచ్చిన సంఖ్య. అందులో పదోన్నతి ద్వారా మాత్రమే నింపవలసినవి ఉంటాయి, కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ మనిషి కూర్చుని ఉన్నవి ఉంటాయి, టైపిస్టు పోస్టుల వంటి కాలం చెల్లినవీ ఉంటాయి. వీటిని తీసేశాక నోటిఫికేషన్‌కు తగినవి ఎన్నన్నది ప్రతి శాఖా ఆర్థిక శాఖతో కూర్చుని తేల్చుకునే విషయం. కనుక ఆ లక్షా పదకొండు వేలు ఎటో పోలేదు. అయితే అవన్నీ మీరు పరీక్ష రాసి అందుకోగలిగిన ఉద్యోగాలు కూడా కావు.

మాంద్యానికి గుర్తా అంటే, కాదు. ఆ ఖాళీలు పేరుకున్న సంవత్సరాలలో తెలంగాణ తలసరి ఆదాయం దేశంలో ముందు వరుసలో ఉంది. ఖాళీ అన్నది ప్రభుత్వానికి ఒక రకం పొదుపు. పోస్టు బడ్జెట్ పుస్తకంలో ఉంటుంది, జీతం మాత్రం బయటకు పోదు. పాఠశాలలో సబ్జెక్టు టీచరు లేకపోవడం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్ లేకపోవడం ఆ పొదుపుకు జనం చెల్లించే మూల్యం. దాన్ని ఏ ఆర్థిక సూచికా నమోదు చేయదు.

నియామకాల గురించి రాసేవారు తరచు మరచిపోయే అంశం పదవీ విరమణ వయసు. తెలంగాణలో 2021 మార్చిలో దాన్ని 58 నుంచి 61కి పెంచారు. ఆ నెలాఖరుకు ఇంటికి వెళ్లవలసినవారు 2024 మార్చి దాకా కొలువులో ఉన్నారు. మూడు సంవత్సరాలపాటు వయసు మీరి ఇంటికి వెళ్లినవారు దాదాపు లేరు, కాబట్టి ఒక్క నియామకం జరగకపోయినా సంఖ్య నిలకడగానే కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో విభజన వేళ 58 నుంచి 60కి, మళ్లీ 2022 జనవరి 1 నుంచి 62కి పెంచినప్పుడూ ఇదే జరిగింది. దీనికి వ్యతిరేక దిశలో, 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వయసును 58 నుంచి 55కు తగ్గించి, వేలమందిని ఒక్కసారిగా ఇంటికి పంపింది. ఏడాది తిరిగిన తరువాత మళ్లీ 58 వచ్చింది. 1983 నాటి తగ్గుదలను చూసి ఎవరైనా రాష్ట్రం మాంద్యంలో పడిందని రాస్తే ఎంత తప్పో, 2021-24 నిలకడను చూసి ఉపాధి పదిలంగా ఉందని రాయడం అంతే తప్పు. విరమణ వయసు పెంపు అసలు ఉద్దేశం గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ఒకేసారి ఇచ్చే మొత్తం) చెల్లింపులను ముందుకు జరపడమేనని నా అభిప్రాయం. ఆ బాకీ ఇప్పుడు వరుసగా మీద పడుతున్నది.

ఇక ప్రకటన వేరు, నియామకం వేరు. తెలంగాణ తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 503 పోస్టులతో 2022 ఏప్రిల్‌లో వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ నిర్వహించిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. చివరకు 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వెలువడింది. ఈ వరుసలో ఏ తేదీన ఉద్యోగం ‘పుట్టినట్టు’ రాసుకోవాలి? జీతం పడిన నెల తప్ప మరే తేదీ ఆర్థిక గణాంకానికి పనికిరాదు.

ప్రశ్న: మా కార్యాలయంలో సగం మంది ఔట్‌సోర్సింగ్ వాళ్లమే. ఉద్యోగుల లెక్కల్లో మేము ఉన్నామా, లేమా?
— ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్, శ్రీకాకుళం

జవాబు: ఎవరి లెక్క అన్నదాన్ని బట్టి ఉంటుంది. పీఆర్సీ నివేదికల్లోని రెగ్యులర్ ఉద్యోగుల సంఖ్యలో మీరు లేరు. మీ వేతనం చాలా శాఖల్లో జీతాల పద్దు కింద కాక ఇతర సేవల పద్దు కింద పడుతుంది కాబట్టి, జీతాల ఖర్చు తగ్గిందని ప్రభుత్వం చెప్పినప్పుడు మీ వేతనం ఆ తగ్గుదలలోనే దాగి ఉండవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆప్కాస్ (ఔట్‌సోర్సింగ్ సేవల ప్రభుత్వ సంస్థ) వచ్చాక మీవంటివారు ఒక కార్పొరేషన్ జాబితాకు ఎక్కారు, పీఎఫ్, ఈఎస్ఐ లెక్కల్లో కనిపిస్తున్నారు. జాతీయ గణాంక కార్యాలయం నిర్వహించే శ్రామిక సర్వేలో మాత్రం, వారంలో కనీసం ఒక్క రోజు ఒక్క గంట పనిచేసినా సరే, మీరు ఉపాధి ఉన్నవారే. నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో పనిచేసిన సుమారు 2.6 లక్షల మంది గ్రామ, వార్డు వలంటీర్లను ప్రభుత్వం ఎన్నడూ ఉద్యోగులుగా ఒప్పుకోలేదు. సర్వే చేసేవారు వారి ఇంటికి వెళ్లి ఉంటే పనిచేస్తున్నవారిగానే రాసుకుని ఉండేవారు.

ప్రశ్న: పీఆర్సీ వచ్చిన ఏడాది మా దుకాణంలో అమ్మకాలు బాగుంటాయి. బకాయిలు ఇస్తారన్న వార్త వస్తే చాలు, పెళ్లిళ్ల బట్టలకు ఆర్డర్లు వస్తాయి. దీన్ని రాష్ట్ర అభివృద్ధి కింద లెక్కగడతారా?
— వస్త్ర వ్యాపారి, చీరాల

జవాబు: లెక్కగడతారు, అదీ రెండు చోట్ల. మీ దుకాణంలో మిగిలే మార్జిను వాణిజ్య రంగం కింద రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో చేరుతుంది. అంతకన్నా ముందే, ఉద్యోగికి ఇచ్చిన జీతమే ‘ప్రజా పాలన’ అన్న పద్దు కింద ఉత్పత్తిగా నమోదవుతుంది. వ్యాపారి సరుకుకు ధర ఉంటుంది, తహసీల్దారు ఇచ్చే కుల ధ్రువీకరణ పత్రానికి మార్కెట్ ధర ఉండదు. అందుకని ప్రభుత్వ సేవ విలువ ఎంత అంటే, దాన్ని అందించడానికి అయిన ఖర్చే దాని విలువ అని జాతీయ ఆదాయ గణనలో ఒప్పుకున్నారు. దాని పర్యవసానం ఆలోచించండి. 2015లో రెండు రాష్ట్రాలూ 43 శాతం ఫిట్‌మెంట్ (మూల వేతనంపై పెంపు) ఇచ్చాయి. ధ్రువీకరణ పత్రాలు ఎప్పటిలాగే అన్నే వచ్చాయి, అవే క్యూలు, అదే రద్దీ. అయినా ప్రస్తుత ధరల్లో ప్రజా పాలన రంగం విలువ పెరిగిపోయింది. స్థిర ధరల్లో చూపేటప్పుడు వినియోగదారుల ధరల సూచీతో దీన్ని సవరిస్తారు గానీ, జీతాల పెంపు ధరల పెరుగుదలను మించితే ఆ మిగులు ‘వృద్ధి’గానే మిగులుతుంది. ఎన్నికల ముందరి సంవత్సరాల వృద్ధి రేట్లు చదివేటప్పుడు ప్రజా పాలన వరుసను విడిగా చూడడం మంచి అలవాటు.

మీ అమ్మకాల విషయంలో ఒక చిన్న హెచ్చరిక చేయవలసి ఉంది. బకాయిలు మంజూరు చేస్తూ జీవో వచ్చినంత మాత్రాన డబ్బు బజారుకు రాదు. డీఏ బకాయిలను పాత పెన్షన్ విధానంలోని ఉద్యోగులకు సాధారణంగా జీపీఎఫ్ (భవిష్య నిధి) ఖాతాకు జమ చేస్తారు. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరి సీపీఎస్ (ఉద్యోగి నెలనెలా చందా కట్టే పెన్షన్ విధానం) పరిధిలో ఉన్నవారికి పది శాతం పెన్షన్ ఖాతాకు పోగా మిగిలినది నగదుగా, అదీ వాయిదాల్లో ఇస్తారు. అంటే ఒకే జీవో వల్ల యాభై ఎనిమిదేళ్ల సూపరింటెండెంటు చేతికి రొక్కం రాకపోవచ్చు, ముప్పై ఏళ్ల జూనియర్ అసిస్టెంటుకు రావచ్చు. మీకు బట్టల ఆర్డరు ఇచ్చేవారు ఏ కోవకు చెందినవారో చూసుకుని సరుకు తెప్పించుకోండి.

ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగుల విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. 2019లో చేరిన లక్షకు పైగా యువతకు ప్రొబేషన్‌లో నెలకు 15,000 రూపాయలే ఇచ్చారు. రెండేళ్లకు, అంటే 2021 అక్టోబరుకు, పూర్తి స్కేలు వస్తుందనుకున్నారు. వాస్తవంగా కొత్త జీతం 2022 జులై నుంచి వచ్చింది. ఉద్యోగుల సంఖ్య గీత 2019లో పైకి లేచింది, ఖర్చు గీత మూడేళ్ల తరువాత లేచింది. మొదటి గీత ఒక్కటే చూసి మండల కేంద్రంలో దుకాణం అద్దెకు తీసుకున్నవారు కొందరు తొందరపడ్డారనే చెప్పాలి.

ప్రశ్న: ప్రభుత్వ ఉద్యోగాల సంఖ్య సూచిక కాదంటే, ఆ ఉద్యోగాల కోసం పోటీపడేవారి సంఖ్య సూచిక కాగలదా?
— పోటీ పరీక్షల శిక్షకురాలు, హనుమకొండ

జవాబు: అవుతుంది. పోస్టులు ప్రభుత్వ నిర్ణయాన్ని చెబితే, దరఖాస్తులు బయటి ఉద్యోగ మార్కెట్ గురించి యువత ఏమనుకుంటున్నదో చెబుతాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయ పోస్టులు 1.26 లక్షలకు 21 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి, పోస్టుకు సుమారు 17. తెలంగాణలో గ్రూప్-4 పోస్టులు 8,180 ఉంటే దరఖాస్తులు తొమ్మిదిన్నర లక్షలు, అంటే పోస్టుకు 116. అదే కాలంలో రైల్వే నాన్ టెక్నికల్ కేటగిరీలో 35 వేల పోస్టులకు సుమారు 1.25 కోట్ల మంది దరఖాస్తు చేశారు, పోస్టుకు 350కి పైగా.

ఇలా పక్కపక్కన పెట్టి, తెలంగాణలో నిరుద్యోగం ఆంధ్రప్రదేశ్ కన్నా ఏడు రెట్లని ఎవరూ రాయకూడదు. పోస్టులు తక్కువైతే నిష్పత్తి తనంతట తానే పెరుగుతుంది. గరిష్ఠ వయోపరిమితి పెంచినా పెరుగుతుంది. తెలంగాణలో 2022లో దాన్ని 34 నుంచి 44కు, 2024లో 46కు పెంచారు. నోటిఫికేషన్ వచ్చి ఎన్నేళ్లయిందన్నదీ లెక్కలోకి వస్తుంది. ఒకే అభ్యర్థి రెండు మూడు పరీక్షలకు దరఖాస్తు చేయడం మామూలే. అందువల్ల నేను దరఖాస్తుల కన్నా హాజరునే ఎక్కువగా పట్టించుకుంటాను. 2023 జులై 1న జరిగిన గ్రూప్-4 పరీక్షకు దరఖాస్తుదారుల్లో దాదాపు ఐదింట నాలుగు వంతుల మంది హాజరయ్యారు. ప్రైవేటు ఉద్యోగాల్లో సెలవు పెట్టి, సొంత ఊరికి బస్సు పట్టుకుని వచ్చి రాశారంటే, చేతిలో ఉన్న పని మీద వారికి ఎంత నమ్మకం ఉందో అర్థమవుతుంది. ఇందుకు ఆధారం శ్రామిక సర్వేలోనూ దొరుకుతుంది. 2023-24లో దేశంలో నెలజీతం మీద పనిచేసేవారు మొత్తం శ్రామికుల్లో 21.7 శాతమే. వ్యవసాయేతర రంగాల్లో నెలజీతం తీసుకునేవారిలోనూ 58 శాతం మందికి రాతపూర్వకమైన ఉద్యోగ ఒప్పందం లేదు. నిరుద్యోగ రేటు 3.2 శాతమే అయిన దేశంలో పోస్టుకు వందల మంది ఎందుకు పోటీపడతారన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. వాళ్లలో చాలామందికి పని ఉంది, భరోసా లేదు.

మీరున్న వృత్తిలో మరో ఆనవాలు మీకు నాకన్నా బాగా కనిపిస్తుంది. హైదరాబాదు చిక్కడపల్లి గ్రంథాలయం చుట్టుపక్కల, అశోక్‌నగర్ గల్లీల్లో ఒక్కో గదిలో నలుగురేసి ఉండి, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం కోసం వరుసలో నిలబడేవారి వయసు ఎంతో గమనించండి. డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) శిక్షణకు పేరుపడ్డ అవనిగడ్డలోనూ చూడండి. వచ్చేవారిలో కొత్తగా బీఈడీ ముగించినవారి కన్నా, ముప్పై దాటి రెండోసారి, మూడోసారి కూర్చునేవారు ఎక్కువవుతున్నారంటే, ఆ మధ్యకాలంలో బయటి మార్కెట్ వారికి ఏమీ ఇవ్వలేదని అర్థం. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 టీచరు పోస్టులకు మెగా డీఎస్సీ జరిగింది. అందులో ఎంపికైనవారి వయసుల వివరాలను ప్రభుత్వం వర్గాలవారీగా ప్రచురిస్తే, ఏ సర్వేకూ తీసిపోని గణాంకం అవుతుంది.

ప్రశ్న: ఇక్కడ అమెరికాలో ప్రతి నెలా మొదటి శుక్రవారం ఉద్యోగాల నివేదిక వస్తుంది. అందులో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలు పెరిగాయి, తగ్గాయి అని విడిగా చెబుతారు. మా రాష్ట్రంలో ఉద్యోగాల పరిస్థితిని ముందే పసిగట్టడానికి ఇది పనికొస్తుందా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

జవాబు: ముందే పసిగట్టడానికి పనికిరాదు, జరిగిపోయినదాన్ని నిర్ధారించుకోవడానికి పనికొస్తుంది. అమెరికాలో వెర్మాంట్ తప్ప రాష్ట్రాలన్నిటికీ బడ్జెట్‌ను ఏదో ఒక రూపంలో సమతుల్యంగా ఉంచవలసిన నిబంధన ఉంది. మాంద్యంలో పన్నుల రాబడి పడిపోతుంది. మిగులు నిధి, కేంద్ర సాయం ఉన్నంతకాలం నెట్టుకొస్తారు, ఆ తరువాత మనుషులను తగ్గిస్తారు. అందుకే 2008 మాంద్యం తరువాత ప్రైవేటు ఉద్యోగాలు 2010 ఫిబ్రవరిలో అట్టడుగును తాకి కోలుకోవడం మొదలుపెట్టినా, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల ఉద్యోగాలు మాత్రం 2013 దాకా రాలుతూనే ఉన్నాయి. మొత్తం తగ్గుదల సుమారు ఏడు లక్షలు. వాన వెలిశాక కూడా చూరు నీళ్లు కారినట్టన్నమాట. కోవిడ్‌లో కథ వేరుగా నడిచింది. 2020 ఏప్రిల్‌లో ఒక్క నెలలోనే ప్రభుత్వ ఉద్యోగాలు దాదాపు పది లక్షలు పోయాయి, అందులో పెద్ద భాగం స్థానిక పాఠశాలలది. 2021లో కేంద్రం రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకు 350 బిలియన్ డాలర్లు ఇవ్వడంతో ఈసారి సంవత్సరాల తరబడి కోతలు పడలేదు.

నెలవారీ అంకెలో ఒక సాంకేతికమైన చిక్కు కూడా ఉంది. నెలలో 12వ తేదీ ఉన్న జీతపు కాలంలో ఎవరి పేరు వేతన జాబితాలో ఉందో వారినే ఆ నెల ఉద్యోగులుగా లెక్కిస్తారు. విశ్వవిద్యాలయాల్లో, పాఠశాలల్లో వేసవి సెలవులు ఈ తేదీకి అటో ఇటో జరిగితే, కాలానుగుణ సవరణ చేసినా అంకె ఒరిగిపోతుంది. 2025 జూన్ నెలకు మొదట 1,47,000 ఉద్యోగాలు పెరిగాయని ప్రకటించారు. అందులో రాష్ట్ర ప్రభుత్వాలవే 47,000, అవి కూడా చాలావరకు విద్యా విభాగానివి. ఆగస్టు 1న వచ్చిన నివేదికలో జూన్ పెరుగుదలను 14,000కు కుదించారు. ఆ సవరణలో గణనీయమైన వాటా రాష్ట్ర, స్థానిక విద్యా ఉద్యోగాలదే. ఆ రోజే అధ్యక్షుడు ట్రంప్ ఈ నివేదికను ఇచ్చే గణాంక విభాగం కమిషనర్‌ను తొలగించారు. ఆలస్యంగా వచ్చిన పాఠశాలల రిటర్నులను కలిపి సవరించడం ఆ విభాగం ప్రతి నెలా చేసే పని. దానికి ఒక అధికారి ఉద్యోగం పోవడం నాకు సమంజసంగా అనిపించలేదు. మీకు ఉపయోగపడే సలహా ఏమిటంటే, జూన్ నుంచి సెప్టెంబరు వరకు వచ్చే రాష్ట్ర ప్రభుత్వ అంకెను రెండు సవరణలు అయ్యేదాకా నమ్మకండి. మీ టెక్సస్‌లో ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 1న మొదలవుతుంది, మిగిలిన రాష్ట్రాల్లో అత్యధికం జులై 1న మొదలుపెడతాయి. బడ్జెట్ కోతలు, కొత్త నియామకాలు ఆ తేదీల తరువాతే అంకెల్లోకి వస్తాయి.

ప్రశ్న: మన దేశంలో రాష్ట్ర ప్రభుత్వ నియామకాలను నెలనెలా చూపే గణాంకం ఏదైనా ఉందా? ప్రాజెక్టు కోసం అడుగుతున్నాను.
— ఎంఏ విద్యార్థిని, బెంగళూరు

జవాబు: ఉంది. కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ పీఎఫ్, ఈఎస్ఐ, జాతీయ పెన్షన్ పథకం చందాదారుల వివరాలను ‘పేరోల్ రిపోర్టింగ్’ పేరుతో ప్రతి నెలా విడుదల చేస్తుంది. లెక్కలు 2017 సెప్టెంబరు నుంచి దొరుకుతాయి. పెన్షన్ పథకం పట్టికలో రాష్ట్ర ప్రభుత్వాల కొత్త చందాదారులు విడిగా ఉంటారు, వయసు, స్త్రీ పురుష విభజనతో సహా. కొత్త ఉద్యోగికి ప్రాన్ (పెన్షన్ ఖాతా) నంబరు వచ్చి, తొలి చందా జమ అయిన తరువాతే ఇందులో కనిపిస్తారు కాబట్టి, ఇది ప్రకటనల లెక్క కాదు, వాస్తవంగా చేరినవారి లెక్క.

వాడుకునేటప్పుడు మూడు జాగ్రత్తలు అవసరం. చేరిన నెలకూ చందా పడిన నెలకూ మధ్య కొన్ని నెలల తేడా ఉంటుంది. పశ్చిమ బెంగాల్ ఈ పథకంలో ఎన్నడూ చేరలేదు, తమిళనాడు 2003 నుంచి తన సొంత పథకాన్ని నడుపుకుంటున్నది, కాబట్టి ఆ రెండు రాష్ట్రాలను ఈ పట్టికతో పోల్చలేరు. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, హిమాచల్ ప్రదేశ్ వంటి రాష్ట్రాలు 2022-23లో పాత పెన్షన్‌కు మళ్లడంతో, అక్కడ నియామకాలు జరుగుతున్నా దేశవ్యాప్త సంఖ్య తగ్గినట్టు కనిపించే ప్రమాదం ఉంది. కనుక 2022కు ముందు, తరువాత అని కాలాన్ని రెండుగా విడగొట్టి లెక్క వేయండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ సీపీఎస్ కొనసాగుతున్న కాలానికి మీ ప్రాజెక్టును పరిమితం చేసుకుని, పక్కనే శాసనసభ సమాధానాల్లో వచ్చే ఖాళీల సంఖ్యను, విరమణ వయసు మారిన తేదీలను ఒక వరుసలో రాసి పెట్టుకుంటే, గీత ఎక్కడ ఎందుకు వంగిందో చెప్పగలుగుతారు.